తుప్పు బోల్టుకు ఒక రాత్రి గడువివ్వండి

నేనుంటున్న అమెరికాలో మిషిగన్, ఒహాయో వంటి మంచు రాష్ట్రాల్లో పాత ట్రక్కులను తినేసేది రోడ్ల మీద చల్లే ఉప్పు. మంచు గడ్డకట్టకుండా ఈ దేశంలో ఏటా సుమారు 2 కోట్ల టన్నుల ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం అడుగున ఉన్న ఉప్పు గని ఇప్పటికీ పనిచేస్తోంది. ఆ ఉప్పునీరు చక్రాల వేగానికి ఎగిరి కమాను పట్టీల మధ్యకు, బోల్టు మరల్లోకి చేరుతుంది. అందువల్ల ఇక్కడి మెకానిక్కులు బిగుసుకుపోయిన బోల్టును ఊడదీయడాన్ని ప్రత్యేకమైన విద్యగా చూస్తారు, దానికి పట్టే సమయాన్ని కూడా బిల్లులో కలుపుతారు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు దారుల్లో తిరిగే చేపల లారీల అవస్థ కూడా దాదాపు ఇదే. ఇంత దూరంలో ఉంటూ మా ప్రాంతపు లారీ యజమానులకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఊడదీసేటప్పుడు కాపాడుకోవలసింది కమాను కట్టను, ఇరుసును. బోల్టు పోతే పోనివ్వండి. కాపాడుకోవడానికి కావలసింది సమయం.

కొల్లేటి చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె చేపలు ఐసు ముక్కల మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద హౌరా దాకా, అక్కణ్ణుంచి అస్సాం దాకా వెళతాయి. వెయ్యి కిలోమీటర్లు దాటిన ఆ ప్రయాణంలో ఐసు కరుగుతూనే ఉంటుంది. చేపల జిగురు, నెత్తురు కలిసిన నీరు బాడీ సందుల్లోంచి వెనక ఇరుసు మీద, కమాను కట్టల మీద కారుతుంది. తిరుగు ప్రయాణంలో ఆరుతుందనుకుంటే, చెరువు గట్ల మీది నల్లమట్టి బురద యూ బోల్టుల చుట్టూ పేరుకుని తడిని పట్టి ఉంచుతుంది. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీరు కొల్లేటిలో చేరి ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు అదే ఉప్పుటేరు వెంట సముద్రపు ఉప్పు పైకి ఎక్కుతుంది. భీమవరం వైపు వనామీ రొయ్యల చెరువుల్లోనూ ఉప్పదనం ఉంటుంది. తడి, గాలి ఉంటే చాలు ఇనుము తుప్పు పడుతుంది. ఉప్పు తోడైతే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది.

బోల్టు ఎందుకు బిగుసుకుంటుందో తెలిస్తే ఎలా ఊడదీయాలో సులువుగా అర్థమవుతుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్ల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. నట్టు మరలకూ బోల్టు మరలకూ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులో అది ఉబ్బితే, కర్ర చీలికలో చీల దిగ్గొట్టినట్టు రెండింటినీ కదలనివ్వదు. అప్పుడు పానాకు పొడవాటి పైపు తొడిగి ఒక్కసారిగా బలం వేస్తే తుప్పు వదలదు, బోల్టే తెగుతుంది. తల మీద 8.8 ముద్ర ఉన్న బోల్టు కొత్తలో చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడును తట్టుకుంటుంది. మరల అడుగున మందం తరిగాక ఆ అంకెను నమ్ముకోవడానికి లేదు.

షెడ్లలో దీనికి వెంటనే అందుబాటులో ఉండే విరుగుడు గ్యాస్ కటింగ్. ఆక్సీ-ఎసిటిలీన్ మంట వేడి 3,000 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కమాను పట్టీ ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, ఆ తర్వాత సుమారు 400 నుంచి 500 డిగ్రీల వేడిలో మళ్లీ పదును సరిచేస్తారు. దాని బలం, వంగి లేచే గుణం ఆ పదును వల్లే వస్తాయి. మంట తగిలి వేడి ఆ హద్దు దాటితే పట్టీ ఒకచోట మెత్తబడుతుంది, మరోచోట గట్టిపడి పెళుసవుతుంది. ఆ రోజు కంటికి ఏమీ కనబడదు. నిండు లోడుతో గుంతలో దిగినప్పుడు అది అక్కడే పగలవచ్చు. పక్కనే రబ్బరు బుష్‌లు, నైలాన్ బ్రేకు గొట్టాలు కూడా ఉంటాయి. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుపై అనుమతించిన బరువును 2018లో కేంద్రం 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. అంత భారం కింద ఇరుసు కదలకుండా కమాను కట్టలకు పట్టి ఉంచేవి ఆ యూ బోల్టులే.

సరైన పని సాయంత్రం మొదలవుతుంది. ముందు వైరు బ్రష్షుతో బయటికి కనిపించే మరలన్నీ శుభ్రం చేయాలి. ఆ మురికి అలాగే ఉంటే, కదిలిన నట్టు కూడా సగం దూరంలో మళ్లీ పట్టేస్తుంది. తర్వాత తుప్పు వదిలించే పల్చటి నూనె పట్టించి నట్టు పక్కల మీద సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. ఆ అదురుకు తుప్పు పొర చిట్లి, నూనె లోపలికి దిగుతుంది. ఇలా రెండు మూడు సార్లు చేసి రాత్రంతా వదిలేయాలి. పొద్దున్నే ఆరు పలకల సాకెట్ వేసి ముందు రవ్వంత బిగించే వైపు, ఆపైన ఊడే వైపు తిప్పాలి. పావు చుట్టు వచ్చి ఆగితే వెనక్కి తిప్పి మళ్లీ నూనె వేయాలి. అప్పటికీ రాకపోతే గ్రైండరుతోనో, నట్టును చీల్చే పనిముట్టుతోనో నట్టును మాత్రమే కోయాలి. బోల్టు తెగి మొండెం లోపలే ఉండిపోతే, బ్యాటరీ తీగ విప్పి, దానిపైన ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేయడం మంచి ఉపాయం. వేడికి ఉబ్బిన మొండెం చల్లారేటప్పుడు కుంచించుకోవడంతో తుప్పు పట్టు సడలుతుంది. కమాను పట్టీ మీద మాత్రం వెల్డింగ్ చేయకూడదు.

చేపలు ఆగవు, లారీ ఎలా ఆగుతుందన్నది మొదటి అభ్యంతరం. అది న్యాయమైనదే. అయితే నూనె ఇంకే రాత్రంతా మెకానిక్ కూర్చోనక్కర్లేదు. లారీ ఖాళీగా తిరిగొచ్చి తర్వాతి లోడు కోసం నిలబడే సమయం అందుకు సరిపోతుంది. ఒడిశాలో ఎక్కడో కమాను పగిలి నిలబడితే కరిగిపోయే ఐసుతో పోల్చుకుంటే ఆ రాత్రి పెద్ద నష్టం కాదు. ఇన్నేళ్లుగా గ్యాస్‌తోనే కోస్తున్నాం, ఏమైందన్నది రెండో మాట. పారేయబోయే యూ బోల్టును, పట్టీకి దూరంగా, మధ్యలో రేకు అడ్డం పెట్టి కోసే మేస్త్రి పనిని నేను తప్పుపట్టను. తొందరలో పట్టీకి, ఇరుసుకు తగిలే మంట గురించే నా భయం. నెలల తర్వాత పట్టీ విరిగినప్పుడు ఎవరూ ఆ మంటను గుర్తు చేసుకోరు, రోడ్డునో లోడునో అంటారు. ఏమీ కాలేదన్న అనుభవానికి ఉన్న లోపం ఇదే. పాత లారీలను తుక్కుకు పంపితే ఈ గొడవే ఉండదనేవారూ ఉన్నారు. కానీ ఐసు నీరు లారీ వయసు చూసి కారదు. కొత్త లారీ బోల్టులూ అదే తడిలో నానుతాయి.

ఊడొచ్చిన యూ బోల్టు బాగానే ఉంది, మళ్లీ వేస్తే డబ్బు మిగులుతుందన్న వాదనకూ జవాబు ఉంది. నట్టు తిప్పడానికి పెట్టే బలంలో సుమారు పదో వంతే బోల్టును సాగదీసి పట్టునిస్తుంది. మిగతాదంతా రాపిడికే ఖర్చవుతుంది. తుప్పు తిన్న మరల్లో రాపిడి పెరిగితే ఆ పదో వంతు ఇంకా తగ్గుతుంది. చేతికి పానా బిగిసినట్టే ఉంటుంది, కమాను మాత్రం వదులుగానే ఉంటుంది. అప్పుడు భారం కమాను పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది, ఇరుసు పక్కకు జరుగుతుంది. కాబట్టి యూ బోల్టులు, నట్లు కొత్తవే వేయాలి, తయారీదారు చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగించాలి, కొంత దూరం లోడుతో తిరిగాక మళ్లీ సరిచూడాలి.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి ఎన్‌ఐటీ ఉంది. అక్కడి మెకానికల్ విభాగం, చుట్టుపక్కల ఐటీఐలు కలిసి షెడ్లలో పనిచేసేవారికి టార్క్ రెంచి, మంట లేకుండా నట్టును వేడిచేసే ఇండక్షన్ హీటరు వాడకం నేర్పితే ఈ ప్రాంతానికి ఎంతో మేలు. యజమానులు చేయగలిగిన పనులు ఇంకా తేలిక. కరిగిన ఐసు నీరు కమాను మీద కారకుండా ఒక గొట్టం పెట్టి పక్కకు మళ్లించండి. ప్రతి లోడు దించాక కమాను కట్టలను మంచినీళ్లతో కడిగించండి. బోల్టు బిగుసుకున్న రోజున మీ మేస్త్రిని తొందరపెట్టకండి. ఆ రాత్రికీ కూలి కట్టివ్వండి. ఆ కమాను మీద ఆధారపడి వెయ్యి కిలోమీటర్లు వెళ్లేది మీ సరుకు ఒక్కటే కాదు, మీ డ్రైవరు, క్లీనరు కూడా.