ఒక గది, ఒక గురువు, అయిదు తరగతులు

మదనపల్లె నుంచి హార్స్‌లీ కొండల దిశగా సాగే దారిలో, ఎవరో పనిగట్టుకుని పేర్చినట్లు బండరాళ్ల గుట్టలు కనిపిస్తాయి. వాన తక్కువ, వేసవి దీర్ఘం. చింత, వేప, కానుగ చెట్ల నడుమ వేరుసెనగ చేలు, నీటి వసతి ఉన్న చోట టమాటా తోటలు. మేకలు కాయడం, చంటిబిడ్డను ఆడించడం, వేరుసెనగ పెరికే రోజుల్లో పెద్దలకు సాయపడడం ఈ సీమ పిల్లలకు కొత్త కాదు.

జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషీవ్యాలీ విద్యాలయం ఈ ప్రాంతంలోనే ఉంది. దేశం నలుమూలల నుంచి పిల్లలు వచ్చి చదివే ఆ విద్యాలయం ఆధ్వర్యంలో, చుట్టుపక్కల పల్లెల్లో 1980ల దశకం నుంచి చిన్న చిన్న ప్రాథమిక పాఠశాలలు వెలిశాయి. పద్మనాభరావు, రమ దంపతులు వీటికి రూపకర్తలు. ఒక్కొక్క బడికి ఒకే గది, ఒకే ఉపాధ్యాయుడు. చదివేది మాత్రం ఒకటి నుంచి అయిదు తరగతుల పిల్లలు.

ఏకోపాధ్యాయ పాఠశాల అనగానే మనకు తోచే చిత్రం ఒకటుంది. అయ్యవారు మూడవ తరగతికి లెక్క చెబుతూ ఉంటే మిగిలిన నాలుగు తరగతులవారు పుస్తకం చూసి రాసుకుంటూనో, అల్లరి చేస్తూనో కాలం గడుపుతారు. వారం రోజులు పనికి పోయిన పిల్ల తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోయి ఉంటుంది. మళ్లీ అందుకోలేదు, కొన్నాళ్లకు రావడమే మానుకుంటుంది.

ఈ చిక్కునే రిషీవ్యాలీ బడులు తమ పద్ధతికి పునాది చేసుకున్నాయి. అక్కడ పాఠ్యపుస్తకానికి బదులు వందలాది కార్డులు ఉంటాయి. పాఠ్యాంశాన్ని చిన్న చిన్న మెట్లుగా విడదీసి, గోడమీద ఒక నిచ్చెనగా గీస్తారు. ప్రతి మెట్టుకూ ఒక గుర్తు, ఆ గుర్తుకు తగిన కార్డు. బిడ్డ తానున్న మెట్టును తానే చూసుకుని, తన కార్డును తానే తెచ్చుకుంటుంది. కొత్త విషయాన్ని పరిచయం చేసే కార్డు ఒకటి, అభ్యాసానికి మరికొన్ని, వచ్చిందో లేదో తేల్చేది ఇంకొకటి. రాకపోతే దిద్దుకోవడానికి వేరే కార్డు, వస్తే పైమెట్టు. నలుగురి ఎదుట ‘తప్పింది’ అనిపించుకునే పరీక్ష లేదు.

అక్షరాలు నేర్పే తీరూ వేరు. ఓనమాల వరుసను పక్కన పెట్టి, చేతికి తేలికగా ఒదిగేవీ, కలిపితే వెంటనే మాటలయ్యేవీ ముందు నేర్పుతారు. ‘వ’ రాయడం వచ్చిన చేతికి ‘మ’ ఎంతో దూరం కాదు గదా! పల్లెలోని అవ్వలు చెప్పే కథలూ, పొడుపుకథలూ, పాటలూ పాఠాలలో చోటు చేసుకున్నాయి.

గదిలో పిల్లలు వయసును బట్టి గాక, చేస్తున్న పనిని బట్టి గుంపులుగా కూర్చుంటారు. కొత్త పాఠం మొదలుపెట్టినవారు ఉపాధ్యాయుని చెంత. అభ్యాసంలో ఉన్నవారు తోటివారితో. తమంతట తాము చేసుకోగలవారు వేరుగా. పెద్దపిల్ల చిన్నవానికి చదివి వినిపిస్తుంది. వినిపిస్తూ తన చదువునూ గట్టి చేసుకుంటుంది. చేలపనికి పోయి పది రోజుల తరువాత వచ్చిన బిడ్డకు తన మెట్టు తన కోసమే కాచుకుని ఉంటుంది. పల్లెబడిలో విద్య నాణ్యతను కొలవడానికి ఇంతకు మించిన గీటురాయి దొరకడం కష్టం.

ఈ పద్ధతి రాయలసీమతో ఆగిపోలేదు. కర్ణాటకలో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకా ఉపాధ్యాయులు దీనిని చూసి వెళ్లి, 1995లో ‘నలి-కలి’ పేరిట తమ బడులకు అనువుగా మలచుకున్నారు. తమిళనాడులో 2003లో చెన్నై నగరపాలక పాఠశాలల్లో ప్రవేశించి, 2007 నాటికి రాష్ట్రమంతటా వ్యాపించింది. అయితే వ్యాప్తితోపాటు ఒక ప్రమాదమూ ఉంటుంది. కార్డులను అచ్చువేసి పంచడం సులభం. ప్రతి బిడ్డా ఏ మెట్టుమీద తడబడుతున్నదో గమనించే కన్నును అచ్చువేయడం సాధ్యం కాదు. ఆ కన్ను లేనిచోట ఉపాధ్యాయుడు కార్డులు అందించే గుమాస్తాగా మిగులుతాడు.

చిన్నబడి సమస్య దేశమంతటిదీ. 2020 నాటి జాతీయ విద్యావిధానం పేర్కొన్న లెక్క ప్రకారం, 2016-17లో దేశంలో 1,08,017 ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉన్నాయి. వాటిలో 85,743 ప్రాథమిక పాఠశాలలే. అరవైమంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది. ఆ రెండవ ఉపాధ్యాయుణ్ణి నియమించడం ప్రభుత్వాల విధి. నిచ్చెన పద్ధతి ఉన్నదని ఆ బాధ్యత తీరిపోదు. చిన్నబడులను పెద్దబడులలో కలిపివేయడం మరొక మార్గం. రాజస్థాన్ 2014లో వేలాది పాఠశాలలను అలా కలిపింది. కాగితంమీద అది పొదుపుగా కనిపించవచ్చు. కాని ఆరేళ్ల పిల్ల వాగు దాటి పొరుగూరికి నడవవలసి వచ్చినప్పుడు, ఇల్లు ఆమెను నిలిపివేయడానికి ఎంతోసేపు ఆలోచించదు.

బడి చిన్నదయినంత మాత్రాన చదువు చిన్నది కానక్కరలేదని ఈ కొండల నడుమ ఒంటిగది బడులు చూపాయి. ఇంటికి దగ్గరగా ఒక గది, పిల్లవాని అడుగును గుర్తుపెట్టుకునే ఒక ఉపాధ్యాయుడు, మానుకున్న చోటునుంచే మళ్లీ మొదలుపెట్టే అవకాశం: పల్లె బిడ్డకు ముందుగా కావలసినవి ఇవి.