జ్యూరీ కాగితం చెత్తబుట్టలో వెయ్యకండి వదినగారూ

ఇదిగో వదినగారూ, కాస్త ఫెన్సు దగ్గరికి రండి. అన్నయ్యగారికి కోర్టు నుంచి జ్యూరీ సమన్లు వచ్చాయన్నారు కదా, ఆ కాగితం ఉందా, పారేశారా? ఉందా! బతికించారు.

గ్రీన్ కార్డు మనిషికి జ్యూరీ ఏమిటని కంగారుపడకండి. మన టెక్సాస్‌లో జ్యూరీ పేర్లు ఒక్క ఓటర్ల జాబితా నుంచే తియ్యరు, డ్రైవింగ్ లైసెన్సులున్న వాళ్ల పేర్లు కూడా కలుపుతారు. పౌరులు కానివాళ్లని అందులోంచి ఏరెయ్యాలని చట్టంలో ఉంది గానీ, కొన్ని పేర్లు జారిపోతూనే ఉంటాయి. ఇర్వింగ్‌లో, ఫ్రిస్కోలో మనవాళ్ల ఇళ్లకి ఈ కాగితాలు అలాగే వస్తాయి.

అందులో ‘అమెరికా పౌరుణ్ణి కాను’ అనే చోట టిక్ పెట్టి, సంతకం చేసి పంపితే కోర్టు వదిలేస్తుంది. కానీ ఆ మాట అక్కడితో ఆగదు. అలా చెప్పిన వాళ్ల పేర్లు, అడ్రసులు కోర్టు వాళ్లు రాసి పెట్టుకుని, నెలనెలా కౌంటీ ఓటర్ల రిజిస్ట్రారుకి పంపాలి. ఆయన తన జాబితాతో సరిచూస్తాడు. ఆ పేరు ఓటర్లలో కూడా ఉంటే ఇంటికి ఉత్తరం వస్తుంది. 30 రోజుల్లో పౌరసత్వ రుజువు చూపించాలి, లేకపోతే పేరు తీసేస్తారు.

నాకైతే ఇది మంచి పద్ధతే అనిపిస్తుందండీ. ఎవరో ఊహించి అనుమానించడం కాదు, మనిషి తన నోటితో చెప్పి సంతకం పెట్టిన మాట అది. పైగా తీసేసే ముందు అడుగుతున్నారు.

2019లో జరిగింది చూడండి. జనవరిలో అప్పటి టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ డేవిడ్ విట్లీ, పౌరులో కారో అనుమానమంటూ 95 వేల మంది ఓటర్ల జాబితా ప్రకటించారు. దానికి ఆధారం లైసెన్సు రికార్డులు. గ్రీన్ కార్డు మీద ఉండగా లైసెన్సు తీసుకుని, తర్వాత ప్రమాణం చేసి పౌరులై, హక్కుగా ఓటు నమోదు చేసుకున్నవాళ్లు వేలల్లో అందులో ఇరుక్కున్నారు. కేసులు పడ్డాయి, ఏప్రిల్‌లో రాజీ కుదిరి ఆ జాబితా వెనక్కి తీసుకున్నారు, మే నెలలో ఆయన పదవి వదిలి వెళ్లిపోయారు. ఎన్నో ఏళ్లు ఎదురుచూసి పౌరులైన వాళ్లని దొంగ ఓటర్లన్నట్టు చూస్తే ఎంత కష్టంగా ఉంటుంది చెప్పండి!

జ్యూరీ కాగితానికీ ఆ చిక్కు లేకపోలేదు. ఈరోజు పౌరుడు కానివాడు రెండేళ్లకి అవుతాడు. పాత మాట అలా కాగితాల్లో మిగిలిపోయి ఉత్తరం వస్తే భయపడక్కర్లేదు, ఊరుకోనూ కూడదు. పాస్‌పోర్టు గానీ, నేచురలైజేషన్ సర్టిఫికెట్ గానీ చూపిస్తే సరిపోతుంది.

ఇంకోటి వదినగారూ, పౌరులై ఉండి కూడా, కోర్టుకి వెళ్లడం తప్పుతుందని ‘కాను’ అని టిక్ కొట్టే మహానుభావులు ఉన్నారు. అది అబద్ధం. దాంతో ఓటే పోయే పరిస్థితి తెచ్చుకుంటారు. జ్యూరీలో కూర్చోవడం అంటే సాటి మనిషికి న్యాయం చెప్పడం. దాన్ని అలా తప్పించుకోవడం నాకు బొత్తిగా నచ్చదు.

మరి మనవాళ్లు అన్నిటికన్నా భయపడాల్సింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పుకి. లైసెన్సు ఆఫీసులో ‘ఓటరుగా నమోదు చేసుకుంటారా’ అని అడిగితే, చదవకుండా ‘అవును’ అనేస్తారు కొందరు. పౌరుడు కాకుండా పౌరుణ్ణని చెప్పుకుంటే దేశం నుంచి పంపించెయ్యొచ్చని 1996 నుంచీ ఫెడరల్ చట్టంలో ఉంది. రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఎప్పుడైనా ఓటు నమోదు చేసుకున్నారా, ఓటు వేశారా అని మళ్లీ అడుగుతారు. తెలియక చేశామంటే వినే చోటు కాదది.

అందుకని అన్నయ్యగారిని ఈ సాయంత్రమే కూర్చోబెట్టండి. ఉన్నది ఉన్నట్టు టిక్ పెట్టించి, సంతకం చేయించి, ఒక కాపీ తీసి దాచుకుని గడువులోగా పంపించెయ్యండి. మీ అబ్బాయికి లైసెన్సు తీయించేటప్పుడు కూడా ఆ ఫారం మీరు పక్కన కూర్చుని చదవండి.