గొంగడి మీది వాన

సూర్యాపేట బజారులో మెట్లెక్కి పోవాల్సిన ఆ స్టూడియోకి పెళ్లిళ్లే తిండి పెడతాయి. ముందు గదిలో గాజు బీరువా నిండా కరిజ్మా ఆల్బమ్‌లు, గోడవారగా చుట్టిపెట్టిన తెరలు, మూలన గొడుగు లైట్లు. వెనక గది మాత్రం వేరు. కిటికీకి నల్లగుడ్డ కట్టేశారు, పసుపు బల్బు తీసేశారు. గదిలో వెలుగు పసుపుగా ఉంటే కళ్లు దానికి అలవాటు పడిపోతాయని, అప్పుడు తెర మీది బొమ్మ ఉన్నదానికంటే నీలంగా తోస్తుందని, ఆ నీలాన్ని పోగొట్టబోయి ముఖాలన్నిటికీ పసుపు పూస్తామని స్టూడియో యజమాని చెప్పాడు. ఫిల్ము రోజుల నుంచీ ఈ పనిలో ఉన్న మనిషి. మూలన ఆయన పాత ఎన్‌లార్జర్ ఇప్పటికీ ఉంది, దుమ్ము పడకుండా పైన గుడ్డ కప్పి.

నేను వెళ్లింది ఒకే ఒక్క ఫొటో కోసం. ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినం. 1839లో అదే తేదీన ఫ్రాన్స్‌లో డాగెర్ పద్ధతిని లోకానికి వెల్లడించారు. ఆ రోజు కోసం ఔత్సాహికులకు పెట్టిన పోటీకి కోదాడ సారొకాయన ఒక వాన ఫొటో పంపబోతున్నాడు. బడిలో పాఠాలు చెప్పుకునే మనిషి, సెలవు దొరికితే కెమెరా పట్టుకుని పొలాల వెంట పడతాడు. పోటీకి పంపే ముందు ఆ బొమ్మను ఎలా దిద్దుతారో చూద్దామని నా ఆశ.

తెర మీద ఒక ముసలాయన. కోదాడ దగ్గర సాగర్ ఎడమ కాలువ కట్ట మీద గొర్లను తోలుకుపోతూ ఆగిన కాపరి. నల్ల గొంగడి కొప్పెర వేసుకున్నాడు. తెల్లని గడ్డం. గొంగడి అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి, ఉన్ని మీద ఆవగింజలంత చుక్కలు నిలబడ్డాయి. వెనక నాటేసిన మడులు వాన తెరలో సగం మాయమయ్యాయి. తల వెనకాల కాస్త పక్కగా ఒక కరెంటు స్తంభం.

వాన కెమెరాకు అంత తేలిగ్గా దొరకదు. పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో పడుతుంది. షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే ఒక్కో చినుకు 15 సెంటీమీటర్ల గీత అవుతుంది, 1000వ వంతైతే సెంటీమీటరు కూడా ఉండదు. సారు 250వ వంతు దగ్గర తీశాడు కాబట్టి మూడున్నర సెంటీమీటర్ల సన్నటి గీతలు వచ్చాయి. అవి కూడా గొంగడి నలుపు మీదనే కనబడుతున్నాయి. తెల్లటి ఆకాశం ముందు పడే వాన కెమెరాకు దాదాపు చిక్కదు.

అయితే ఆ నలుపే కెమెరాను మోసం చేసింది. ఎదురుగా ఏదున్నా దాన్ని మధ్యస్థపు బూడిద రంగుకు తేవాలన్నది కెమెరాలో వెలుగు కొలిచే మీటరు లెక్క. ఫ్రేము నిండా నల్ల ఉన్ని ఉండేసరికి వెలుగు తక్కువైందనుకుని ఎక్స్‌పోజర్ పెంచేసింది. గొంగడి బూడిద రంగులో, గడ్డం సున్నం కొట్టినట్టు వచ్చాయి. అదృష్టం, సారు రా ఫైల్ తీసి పెట్టుకున్నాడు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్‌లో 16,384. ఆ మెట్లలోంచి గడ్డం వెంట్రుకలు ఒక్కొక్కటే వెనక్కి వచ్చాయి. ఎక్స్‌పోజర్ దించుతుంటే గొంగడి బరువెక్కడం నా కళ్లతో చూశాను.

అసలు చర్చ అక్కడి నుంచి మొదలైంది. సారు ఇంట్లో తన లాప్‌టాప్‌లో ఒకసారి దిద్ది తెచ్చిన బొమ్మను పక్కన తెరిచాడు. అందులో డీహేజ్ బాగా పెంచాడు, నాయిస్ మొత్తం తుడిచాడు, చర్మం నున్నగా చేశాడు. పొలాలు పచ్చగా మెరుస్తున్నాయి, ముసలాయన పెళ్లికొచ్చిన చుట్టంలా ఉన్నాడు. వాన లేదు.

"వానేడవోయింది సారూ?" అన్నాడు యజమాని.

డీహేజ్ అంటే మసక తీసే మీట. కానీ దూరాన కురిసే వాన ఫొటోలో మసకగానే కదా నిలిచేది. సన్నటి తుంపరకూ చీకటి భాగాల్లోని నాయిస్‌కూ తేడా ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, రెండింటినీ కలిపే ఊడ్చేస్తుంది. పెళ్లి ఫొటోలకు ముఖాలు నున్నగా చేయడం మన ఊళ్ల స్టూడియోల్లో ఎంత అలవాటైపోయిందంటే, ఔత్సాహికులు కూడా దాన్నే అందమనుకుంటున్నారు. నాకిది బాధగానే ఉంటుంది. ఎండకూ వానకూ పండిన చర్మాన్ని తుడిచేస్తే ఆ మనిషి బతుకును తుడిచేసినట్టే.

సారు డీహేజ్ పెంచడానికి ఒక కారణం ఉంది. మసక తీస్తే పొలాలు తేలతాయనుకున్నాడు. తేలాయి, వాటితోపాటు స్తంభమూ తేలి తల మీద కొమ్ములా నిలబడింది. దాన్ని చెరిపేద్దామంటే పోటీ నిబంధన ఒప్పుకోదు: బొమ్మలోకి ఏదీ చేర్చకూడదు, ఏదీ తీసేయకూడదు, క్రాప్ చేసుకోవచ్చు. అంతర్జాతీయ పోటీల్లోనూ ప్రకృతి, ఫొటో జర్నలిజం విభాగాలకు ఇంచుమించు ఇదే కట్టుబాటు. యజమాని డీహేజ్‌ను సున్నాకు తెచ్చాడు. వాన తెర మళ్లీ దిగింది, స్తంభం ఆ తెరలోకి వెళ్లిపోయి పలచటి గీతగా మిగిలింది. తీసే పనే లేకుండా పోయింది. ఎడమ పక్కన చొరబడిన లారీ ముక్కును మాత్రం క్రాప్‌తో కోసేశారు.

ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారికి ఒక ఉదాహరణ చాలు. వరదనీళ్లలో కుట్టుమిషను భుజాన మోసుకొచ్చే పోర్‌బందర్ దర్జీని 1983లో తీసి, మన వానాకాలాన్ని ప్రపంచానికి చూపించినవాడు స్టీవ్ మెకరీ. 2016లో ఇటలీలో ప్రదర్శనకు పెట్టిన ఆయన క్యూబా వీధి చిత్రంలో ఒక స్తంభం ముక్కను తప్పుగా జరిపిన గుర్తు బయటపడింది. ఆ తర్వాత జనం ఆయన పాత బొమ్మలన్నిటినీ వెతకడం మొదలుపెట్టారు. అంతటి చేతికే ఆ అనుమానం తప్పలేదు. ఇప్పుడైతే మీట నొక్కితే కంప్యూటరే వాన కురిపిస్తుంది. అలాంటప్పుడు నిజంగా తడిసి తీసిన ఫొటోకు విలువ దాని నిజంలోనే ఉంది.

ఇక ముసలాయన ఎడమ కంటి కింది చుక్క. కొప్పెర అంచు నుంచి జారి చెంప మీద ఆగిన వాన చుక్క అది. దాన్ని కొంచెం మెరిపిస్తే జడ్జీల గుండె తడుతుందని సారు ఆశ. డాడ్జింగ్ టూల్ అందుకున్నాడు కూడా. ఆ టూల్ బొమ్మలో కనిపించే పుల్లకు బిగించిన బిళ్ల డార్క్‌రూమ్ నుంచి వచ్చిందే. ఎన్‌లార్జర్ కింద అట్టముక్కతో నీడపట్టి ముఖాన్ని తేలిక చేయడం, అరచేతి సందులోంచి వెలుగు వదిలి ఆకాశాన్ని ముదురు చేయడం, నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముడతలు పూడ్చడం, ఇవన్నీ యజమాని చేతి పనులే. ఆయన ఆ చుక్క విషయం తేల్చకుండా నావైపు చూశాడు.

మెరిపించొద్దన్నాను. నిబంధన ప్రకారం తప్పు లేకపోవచ్చు, కొత్తగా చేర్చిందీ లేదు. కానీ ఆ ఒక్క చుక్కను మిగతావాటికంటే వెలిగిస్తే చూసేవారికి అది కన్నీరే. ఆ రోజు ఆ మనిషి ఏడవలేదు, గొర్లను అదిలిస్తూ నిలబడ్డాడు. ముసలితనాన్నీ పేదరికాన్నీ ఏడుపుగా చూపించి బహుమతులు కొట్టుకునే పద్ధతి మన పోటీల్లో ముదిరింది, నాకది మింగుడుపడదు. సారు కాసేపు మౌనంగా ఉండి టూల్ వదిలేశాడు. చుక్క పక్క చుక్కల్లో ఒకటిగా ఉండిపోయింది. కళ్ల గుంతలకు మాత్రం యజమాని రవ్వంత వెలుగిచ్చాడు, కొప్పెర నీడలో చూపు కనబడేటంత.

రంగు సంగతి ఆఖరున వచ్చింది. మబ్బు పట్టిన వెలుగు 6500 కెల్విన్లు దాటుతుంది, నీడల్లోకి నీలం దిగుతుంది. గొంగడి మీది ఆ నీలం పోవాలని యజమాని నీడల్లో రంగు మొత్తం పిండేశాడు. గొంగడి కాటుక నలుపైంది. ముగ్గురికీ నచ్చింది. ఒక ప్రింటు తీసుకున్నాం.

ఆ కాపరిది మిర్యాలగూడ వైపు పల్లె. పోటీకి పంపే ముందు ఆయన్ని అడగాలని సారు పట్టుబట్టాడు, అడగాల్సిందే. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పోయాం. దారికి రెండువైపులా సాగర్ నీళ్ల మీద బతికే వరి, మిర్యాలగూడ దగ్గరపడే కొద్దీ రైస్ మిల్లుల పొగగొట్టాలు, ఉడికిన వడ్ల వాసన.

ముసలాయన ప్రింటు పట్టుకుని ముఖం కంటే ముందు గొంగడిని చూశాడు. "ఇంత నల్లగ లేదు బిడ్డా నా గొంగడి. ఎండకు ఎర్రబారింది గదా" అన్నాడు. లోపలి నుంచి గొంగడి తెచ్చి వాకిట్లో పరిచాడు. నిజమే. దక్కని గొర్రె నల్ల ఉన్నికి రంగు వేయరు, అది పుట్టు నలుపు. ఏళ్ల తరబడి ఎండకు కొసలు గోధుమరంగుకు తిరుగుతాయి. నేసేటప్పుడు పడుగుకు చింతగింజల గంజి పట్టిస్తారని, గట్టిగా నేసిన గొంగడి మీద చినుకు ఇంకకుండా జారుతుందని ఆయనే చెప్పాడు. ఫొటోలో చుక్కలు అంత గుండ్రంగా ఎలా నిలిచాయో అప్పుడు తెలిసింది. "తాతా, పోటీకి పంపమంటవా?" అని సారు అడిగితే, "పంపు. నా పేరు సరిగ్గ రాయి" అన్నాడు. ప్రింటు ఆయన దగ్గరే ఉంచాం.

మళ్లీ సూర్యాపేట వెనక గది. రా ఫైల్‌లో ఆ ఎరుపు మొదటి నుంచీ ఉంది, నీలంతో పాటు దాన్నీ పిండేశాం. ఈసారి యజమాని నీడల్లో రంగును ఉండనిచ్చి, గొంగడి వరకే వెచ్చదనం పెంచాడు. కొప్పెర మడతల మీద ఉడికించిన ఉలవల రంగు తేలింది. ముఖానికీ గొంగడికీ అప్పటిదాకా లేని పొత్తు కుదిరింది. ఎస్‌ఆర్‌జీబీలో జేపెగ్ తీసి, పక్కన రా ఫైల్ జతచేశారు.

ఫారంలో మార్పులకు ఒక గడి ఇచ్చారు. సారు నన్ను చదవమని చెప్పి టైప్ చేశాడు: ఎడమవైపు క్రాప్, ఎక్స్‌పోజర్ తగ్గింపు, వైట్ బ్యాలెన్స్, కళ్ల దగ్గర కొద్దిగా డాడ్జింగ్, గొంగడి రంగు కాపరి చెప్పినట్టు సవరణ. తీసేసినవి, చేర్చినవి: లేవు.