ఏకాంతమున నటుడు

నటన సమష్టికళ యన్నది సర్వాంగీకృతమైన మాట. ఎదుట సహనటుడును, తెరచాటున ప్రాంప్టరును, ముందు సభాసదులును లేనిదే నాటకము నడవదు. అయినను నటుని జీవితమున అధికభాగము ఏకాంతముననే గడచును. నాటక సమాజము ప్రదర్శన నిశ్చయమైన పిమ్మట గాని కూడదు. అది ముగిసిన మరునాటికే చెదరిపోవును. ఆ నడుమనున్న దీర్ఘకాలమున గాయకుడు తంబురా శ్రుతిచేసికొని కూర్చుండును, నర్తకి గజ్జె గట్టును, నటుడు మాత్రము మరియొక పాత్ర చేతికి వచ్చువరకు తనకు చేయదగినది లేదని తలచి ఊరకుండును. లేదా పాత పద్యములను వల్లెవేసికొని తృప్తిపడును. వ్రాసియుంచిన మాట నాశ్రయింపక, అప్పటికప్పుడు స్ఫురించిన వాక్కుతోను చేష్టతోను ఒక ఘట్టమును తానొక్కడే నడపుకొను ఆశునటన యొకటి యున్నదనియు, అది నిత్యసాధనకు తగినదనియు మన నటులలో పెక్కురు తలపరు. పైకి ఒంటరివాని వినోదమువలె కానవచ్చు నీ సాధన, నిజమునకు ఎదుటివానిని వినుట నేర్పు సాధన యని నా దృఢవిశ్వాసము.

మన పూర్వు లీ రహస్యము నెరిగినవారే. భరతుడు చెప్పిన దశరూపకములలో భాణమునకు నటుడొక్కడే. విటుడొకడు పురవీథిలో నడచుచు కనబడనివారిని పలుకరించును. వారి ప్రత్యుత్తరమును తానే విని, ‘ఏమంటివి?’ యని తానే దానిని మరల పలికి, తానే బదులు చెప్పును. దీనికి ఆకాశభాషితమని పేరు. మానవల్లి రామకృష్ణకవిగారు ఎస్. కె. రామనాథశాస్త్రిగారితో కలిసి 1922లో ప్రకటించిన చతుర్భాణి యందలి నాలుగు భాణములును ఈ విధముననే నడచును. రంగమున ఒక్కడే నిలిచియున్నను వీథి యంతయు జనముతో నిండినట్లు మనకు తోచుటకు కారణము, ఆ నటుని వాక్చాతుర్యముకంటె అతడు విను తీరులోనే యున్నది. ప్రత్యుత్తరము వచ్చునంతసేపు అతడు నిజముగా నిలువవలెను. వినుచున్న ముఖము మారవలెను. ఆ మార్పునుండి తరువాతి మాట పుట్టవలెను. తొందరపడి తన వంతు మాట నందుకొన్న క్షణమున వీథి శూన్యమై, అతడొక్కడే మిగులును.

ఈ ఆకాశభాషితమునే నేటి నటుడు తన గదిలో అభ్యసింపవచ్చును. ఎదుటి కుర్చీలో తండ్రి కూర్చున్నాడనియు, చెల్లెలి పెండ్లికై ఆయన దాచిన సొమ్మును తన అప్పు తీర్చుకొనుటకు అడుగవలసి వచ్చినదనియు అనుకొనుడు. ఎవరు, ఎచ్చట, ఏమి కావలసి వచ్చినారన్నంతవరకే ముందుగా నిర్ణయించుకొనవలెను. ఘట్టమెట్లు ముగియునో నిర్ణయించుకొనరాదు. అడుగుటకు నోరు రాక యోగక్షేమములు మాటలాడినను మాటలాడవచ్చును. అడిగిన పిమ్మట మాత్రము ఆగవలెను. తండ్రి కోపపడునని మనము వాదములన్నియు సిద్ధపరచుకొనియుండగా, ఆయన తలయెత్తకయే ‘సరే, తీసికొనిపో’ అన్నచో నేమగును? కూర్చుకొన్న వాదములన్నియు చేతిలోనే మిగిలి, అంతవరకు లేని సిగ్గు నటుని ముఖమున పొడచూపును. తనకు తానే ఇట్లు అనూహ్యమైన ఉత్తరమిచ్చుకొని, దానికి తానే నిజముగా చకితుడగుట ఈ సాధనలో కెల్ల కష్టమైన భాగము. పిమ్మట లేచి ఆ కుర్చీలో కూర్చుండి, అదే ఘట్టమును తండ్రియై నడపవలెను. కేరళ దేశపు కూడియాట్టమునందు వేషము మార్చుకొనకయే ఒక నటుడు ఒకరి వెంట నొకరుగా పెక్కు పాత్రలు ధరించు సంప్రదాయము కలదు, దానిని పకర్నాట్టమందురు. మన హరికథలోను దాసు చిడతలు చేతబట్టి, కొంచెము ప్రక్కకు తిరిగినంతనే రాజగును, మరల తిరిగినంతనే బిచ్చగాడగును. ఆదిభట్ల నారాయణదాసుగారి వంటివారు ఒక్కరే నిలిచి సభ నంతను గంటలకొలది నిలుపగలిగిన దీ సంప్రదాయములోనే. అందలి మెలకువ యేమనగా, రాజై పలికినవాడు బిచ్చగాడై ఆ పలుకును విన్నవాడు కూడ నగుట.

మనుష్యులనే కాదు, వస్తువులను సైతము వినవలెను. రష్యా దేశీయుడైన స్టానిస్లావ్‌స్కీ నటశిక్షణను గూర్చి ఒక విద్యార్థి దినచర్యగా వ్రాసిన గ్రంథము 1936లో ఆంగ్లమున వెలువడినది. అందొక విద్యార్థి చేతిలో లేని నోట్ల నెంచవలసివచ్చి తొందరగా ఎంచివేయగా, గురువు వానిని నిలిపి, కట్టకు చుట్టిన దారము విప్పితివా, ముడి యెక్కడనున్నది యని అడుగుచు, ప్రతి వ్రేలికదలికను నిజముచేయించును. మన ఇంట ఇట్టి పనులకు కొదువ లేదు. గిలకబావినుండి నీరు తోడుటను మొదట నిజముగా చేసి, పిదప చేంతాడు లేకయే చేసి చూడుడు. బొక్కెన నీటిని తాకగానే త్రాడు సడలును. మునిగి నిండగానే బరువు భుజములకెక్కును. గట్టుమీది కందుకొనునప్పుడు ఒక చేయి వదలక తప్పదు. త్రాడు చెప్పిన దానిని చేయి వినవలెను. అంత యబ్బిన పిమ్మట, సగము తోడియుండగా పట్టణమునుండి కుమారుడు వచ్చినాడని ఎవరో కేకవేసినట్లు భావింపుడు. త్రాడు వదలుదురా, తొందరగా లాగుదురా, ముడివేసి పోవుదురా? ఆ నిర్ణయమున ఒక మాతృహృదయ మంతయు తెలియును. మాట ఒక్కటియు అక్కరలేదు. కూడియాట్టమున తోరణయుద్ధ ప్రదర్శనలో రావణుడు కైలాసము నెత్తు కైలాసోద్ధరణ ఘట్టము ఈ విద్యకు పరమోదాహరణము. నటుడు వట్టిచేతులతో నిలిచి, కన్నులతో పర్వతము నడుగునుండి శిఖరమువరకు కొలిచి, దానిని పెకలించి ఎత్తును. ఆ బరువును మొదట తాను నమ్మినందుననే మనచేత నమ్మించును. మన పాఠశాలలలో ఏకపాత్రాభినయ మనగానే మయసభలోని దుర్యోధనుడు ముందుకు వచ్చును. కాని బాలుడు సంభాషణను గుక్క తిప్పుకొనక చెప్పివేయునే గాని, నేల యనుకొని అడుగిడిన చోట కాలికి నీరు తగిలినట్లు ఒక్క క్షణమైనను ఆగడు. అతనికి నేర్పవలసినది గంభీరస్వరము కాదు, ఆ నీటి చల్లదనము.

ఏకవాక్యసాధన మరియొకటి. క్షేత్రయ్య పదము నభినయించువారు ఒక్క పాదమునే మరల మరల ఎత్తుకొని, ప్రతిసారియు వేరొక సంచారిభావమును చూపుదురు. మాట మారకయే మనసు మారును. కూచిపూడి గురువులలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు పదాభినయమునకు ప్రసిద్ధులు. ఈ పద్ధతినే నాటకనటుడు గ్రహించి, ‘వచ్చినావా’ యను సామాన్యపు మాటను, దూరదేశమునుండి వచ్చిన మిత్రునితోను, అప్పు వసూలుకు వచ్చిన వర్తకునితోను, అర్ధరాత్రము దాటి ఇల్లు చేరిన కొడుకుతోను పలికి చూచుకొనవచ్చును. స్వరమును ముందుగా ఎంచుకొన్నచో అది గొంతు విద్య యగును. గుమ్మమున నిలిచినవానిని ముందుగా చూచినచో స్వరము తనంత తాను మారును.

రెండు హెచ్చరికలు చేయవలసియున్నవి. అద్దము ముందర ఈ సాధన చేయరాదు. అద్దము నటుని తన్ను తాను చూచుకొను ప్రేక్షకునిగా మార్చును. స్టానిస్లావ్‌స్కీయు ఈ విషయమున విద్యార్థులను హెచ్చరించెను. రెండవది, ఊహ యొక్కటియే చాలునను భ్రమ. నాట్యమునకు లోకము ప్రమాణమని భరతుడు చెప్పియున్నాడు. గదిలో కూర్చుండి కల్పించిన తండ్రి కొలది దినములలోనే నాటకములలోని తండ్రిగా మారి, తెలిసిన మాటలే పలుకుట ప్రారంభించును. బస్సుస్టాండులోను, అంగడివీథిలోను, కచేరిలోను మనుష్యులను చూచి, వారెట్లు వినుదురో, వినకూడని మాట చెవినిబడినప్పుడు చేతులనేమి చేసికొందురో గ్రహించి తెచ్చినవాని గదిలోనికే నిజమైన మనుష్యులు వచ్చి కూర్చుందురు.

ఇంతచేసిన సాధనకు పరీక్ష ఏకాంతమున లేదు, రంగస్థలముపైననే యున్నది. ప్రదర్శన నడుమ సహనటుడు రెండు సంభాషణలు దాటవేయును. లేదా ఎన్నడును పలుకని స్వరముతో పలుకును. సాధన లేనివాడు ప్రాంప్టరువైపు చూచును, లేదా పాఠములోని తన మాటను యథాతథముగా అప్పగించును. ఏకాంతమున వినుట నేర్చినవాడు, ఎదుటివాడు పలుకవలసినదానికి గాక పలికినదానికి బదులు చెప్పును; తప్పిన ఘట్టమా బదులుతో మరల ప్రాణము పోసికొనును. అట్టివాని యెదుట నిలిచిన సామాన్యనటుడును తన మాట నెవరో నిజముగా వినుచున్నారన్న ధైర్యమున తన శక్తికి మించి నటించును. గదిలో ఒంటరిగా గడపిన గంటల ఫలము ఇట్లు మొదట సహనటునకు, అతని మూలమున నాటకమునకు దక్కుచున్నది. నటుడు కోరదగిన ప్రతిఫల మిదియే.