65280 అంటే ఏంటి?

కోడ్‌లో 65280 కనిపిస్తే అదేంటో చూడగానే చెప్పగలిగేవాళ్లు తక్కువ. అదే విలువని హెక్స్‌లో, ముందు జీరో ఎక్స్ పెట్టి ఎఫ్ఎఫ్00 అని రాస్తే, పదహారు బిట్లలో పై ఎనిమిదీ ఒకట్లు, కింది ఎనిమిదీ సున్నాలని కళ్లకి కట్టినట్టు ఉంటుంది. ఒక్కో హెక్స్ అంకె సరిగ్గా నాలుగు బిట్లు కాబట్టే ఈ సౌకర్యం. అందుకే మాస్కులు, రంగులు, రిజిస్టర్ అడ్రసులు హెక్స్‌లోనే రాయాలంటాను. మాస్కుకి ఒక పేరు పెట్టేస్తే చాలదా అంటారు. పెట్టాల్సిందే, కానీ ఆ పేరు వెనకున్న విలువ తప్పో ఒప్పో సరిచూసేవాళ్లకి బిట్లు కనపడాలి కదా! అలాగని వయసులూ ధరలూ కూడా హెక్స్‌లో రాస్తే అది ఒట్టి డాబు.

నిజానికి హెక్స్‌కన్నా ఆక్టల్‌తోనే అసలు తంటా. సీ భాషలో అంకె ముందు ఉత్త సున్నా పెడితే అది ఆక్టల్ అయిపోతుంది, 010 అంటే ఎనిమిది! వరసలు అందంగా కుదరాలని సున్నా చేర్చిన పాపానికి విలువే మారిపోతుంది, కంపైలర్ మామూలుగా కిక్కురుమనదు. జీరో ఎక్స్‌లో అయితే ఆ ఎక్స్ అడ్డంగా నిలబడి ఇది హెక్స్ అని చెబుతుంది. 2008లో వచ్చిన పైథాన్ 3 ఈ ఉత్త సున్నా పద్ధతిని తీసేసి, ఆక్టల్‌కి సున్నా పక్కన 'ఓ' అక్షరం తప్పనిసరి చేసింది. పాత కోడ్ ఆగిపోతుందన్న అభ్యంతరం న్యాయమే, కానీ ఆగితే కనీసం ఏ లైన్లో ఆగిందో తెలుస్తుంది. ఇక పొడవాటి హెక్స్ విలువలంటారా, జావా 7 నుంచీ మధ్యలో అండర్‌స్కోర్ పెట్టుకోవచ్చు. నాలుగేసి అంకెలకి ఒకటి వేసుకోండి.