ఖాయెలిత్షాలో మందుల రోజు

కేప్‌టౌన్ నగరానికి ఆగ్నేయంగా, పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఇసుక నేల మీద పరుచుకున్న పెద్ద బస్తీ ఖాయెలిత్షా. ఖోసా భాషలో ఆ మాటకు ‘కొత్త ఇల్లు’ అని అర్థం. నల్లజాతివారిని ఊరికి ఎడంగా ఉంచడానికి వర్ణవివక్ష ప్రభుత్వం 1980లలో వేసిన కాలనీకి ఆ పేరు పెట్టడంలో వెటకారం ఉందో లేదో పెట్టినవారికే తెలియాలి. దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో హెచ్ఐవీ రోగులకు వైరస్‌ను అణిచే ఏఆర్‌టీ మందులు మొట్టమొదట అందింది ఇక్కడే. 2001 మేలో అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ ఎంఎస్‌ఎఫ్ వైద్యులు ఆ పని మొదలుపెట్టారు.

అప్పట్లో ఈ వైద్యం ఆఫ్రికాకు పనికిరాదని వాదించినవారు పెద్ద పదవుల్లోనే ఉన్నారు. వేళకు మందు వేసుకోవడానికి ఆఫ్రికన్లకు గడియారపు లెక్క తెలియదని అదే ఏడాది అమెరికా సహాయ సంస్థ అధిపతి ఆండ్రూ నాట్సియోస్ అన్నాడు. దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకీ అయితే ఎయిడ్స్‌కు హెచ్ఐవీయే కారణమా అనే సందేహం దగ్గరే ఆగిపోయాడు. ఖాయెలిత్షాలో తొలి దశలో చేరిన 287 మంది పెద్దల్లో సగం మందికి రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 కణాల లెక్క 43కి మించలేదు. మంచం పట్టిన మనుషులన్నమాట. రెండేళ్లు గడిచాక వారిలో సుమారు 86 శాతం మంది బతికే ఉన్నారు. గడియారం వాదనకు అంతకంటే జవాబు అక్కర్లేదు.

ఇప్పుడు సైట్ బి ప్రాంతంలోని ఉబుంటు క్లినిక్ లాంటి చోటికి వెళ్లినవారికి ఆ పాత ఉద్వేగమేమీ కనిపించదు. బల్లల మీద వరుసగా జనం, చేతిలో కార్డులు. ఇక్కడ హెచ్ఐవీ, క్షయ వైద్యాలు ఒకే కప్పు కింద నడుస్తాయి. హెచ్ఐవీ ఉన్నవారిని ఎక్కువగా బలిగొనేది క్షయే కాబట్టి దగ్గు గురించిన ప్రశ్న ఏ గదిలోనూ తప్పదు.

చూడవలసింది మందుల క్లబ్బును. రోగులు పెరిగేకొద్దీ క్యూలు పెరిగాయి. నెలనెలా పూటంతా నిలబడితే ఆ రోజు కూలి పోతుంది, పనిమనిషికైతే యజమానురాలి అనుమానం అదనం. 2007లో దీనికి తేలికైన ఉపాయం దొరికింది. మందు బాగా పనిచేసి, రక్తంలో వైరస్ అణిగిపోయినవారిని పాతిక ముప్ఫై మంది చొప్పున జట్టు చేస్తారు. ఈ జట్టే క్లబ్బు. మొదట్లో ఇది రెండు నెలలకోసారి కూడేది. నడిపేది డాక్టరూ కాదు, నర్సూ కాదు, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త. ఒక్కొక్కరినీ తూకం వేసి, దగ్గు, రాత్రి చెమటలు, బరువు తగ్గడం గురించి అడిగి, పేరు రాసి సిద్ధంగా ఉంచిన మందుల సంచి చేతికిస్తారు. గంటలోపే అందరూ బయటపడతారు. తేడా కనిపించినవారు మాత్రం నర్సు దగ్గరికి వెళ్లాలి. రక్తపరీక్ష ఏడాదికోసారి. చెప్పిన రోజు రాలేకపోతే అయిదు రోజుల గడువుంది, ఇంట్లో మనిషిని పంపినా ఫరవాలేదు. డిసెంబరులో బస్తీలో చాలామంది ఈస్టర్న్ కేప్‌లోని సొంతూళ్లకు వెళతారు కనుక అప్పుడు ఎక్కువ రోజులకు సరిపడా మందు ఇచ్చి పంపుతారు. నలభై నెలల పాటు గమనిస్తే క్లబ్బుల్లో ఉన్నవారిలో 97 శాతం మంది వైద్యంలో నిలిచారు, మామూలు పద్ధతిలో ఉన్నవారిలో 85 శాతం.

సంచిలో ఉండేది ప్లాస్టిక్ డబ్బా. టెనోఫోవిర్, లామివుడిన్, డొల్యూటెగ్రావిర్ మూడూ కలిసిన ఒకే మాత్ర, రోజుకొకటి. మొదట్లో పూటపూటకూ వేర్వేరు మాత్రలు ఉండేవి. ఈ మూడింటి మాత్రను మనిషికి ఏడాదికి సుమారు 75 డాలర్లకే ఇవ్వడానికి 2017లో ఒప్పుకున్న రెండు కంపెనీల్లో హైదరాబాదు అరబిందో ఒకటి. డబ్బాతో చిక్కు ధరలో లేదు, చప్పుడులో ఉంది. నడుస్తుంటే లోపల మాత్రలు గలగలమంటాయి, ఆ చప్పుడు టాక్సీలో పక్కవారికి అర్థమవుతుందని భయం. అందుకే కొందరు డబ్బాలో దూది కుక్కుతారు, కొందరు మాత్రలను కాగితంలో చుట్టుకుని డబ్బాను దారిలోనే పారేస్తారు. 2002 డిసెంబరులో నెల్సన్ మండేలా ఈ బస్తీకే వచ్చి ‘హెచ్ఐవీ పాజిటివ్’ అని రాసిన టీషర్టు తొడుక్కున్నాడు. అయినా దూది అవసరం పూర్తిగా తీరలేదు. మందు సరిగా వాడి వైరస్ పరీక్షకు అందనంత తగ్గినవారి నుంచి లైంగికంగా వ్యాధి సోకదని శాస్త్రం తేల్చింది. ఆ సంగతి చుట్టుపక్కల వారికి చేరడానికి మాత్రం మాత్రకంటే ఎక్కువ కాలం పడుతోంది.

దక్షిణాఫ్రికా తన ఏఆర్‌టీ మందులను ప్రధానంగా సొంత ఖజానా నుంచే కొంటుంది. అమెరికా సాయంగా ఇచ్చిన డబ్బు ఎక్కువగా వెళ్లింది మనుషుల జీతాలకు: పరీక్ష చేసేవారు, సలహాదారులు, రానివారికి ఫోన్ చేసి వెతికేవారు. 2025 జనవరిలో ఆ సాయం ఆగినప్పుడు దేశంలో అలాంటివారు వేలమంది పని పోగొట్టుకున్నారు. మందులు అలమారలోనే ఉన్నాయి. అయిదు రోజుల గడువు దాటినా రానివారి ఇంటికి వెళ్లే మనిషి కరువయ్యాడు.