అక్క, నా 32 లింకులూ, ఒక పెన్‌డ్రైవూ

మా అక్క జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతుంది. నేనేమో సాఫ్ట్‌వేరు. అందుకని ప్రపంచంలో ఏ సమస్యకైనా నా దగ్గర ఓ లింకు ఉంటుందని నా నమ్మకం :)

పోయిన దసరాకి ఇంటికెళ్తే, "పదో తరగతికి విద్యుత్ పాఠం మొదలెట్టాలిరా, పనికొచ్చేవేమైనా ఉంటే చెప్పు" అంది. అడిగిందే తడవు, రాత్రంతా కూర్చుని 32 లింకులతో ఓ జాబితా తయారుచేశా. అందులో సగానికి ప్రతి పిల్లాడికీ ఈమెయిలు ఉండాలి.

అక్క ఓపిగ్గా అంతా చూసి, "బావుంది. నెట్ లేకపోయినా నడిచేవి ఇందులో ఎన్ని?" అంది. లెక్కపెట్టా. నాలుగు!

నిజం చెప్పొద్దూ, కాస్త చిన్నబోయా. కానీ ఆ నాలుగూ మాణిక్యాలే. రేఖాగణితానికి జియోజీబ్రా. చదివింది మర్చిపోయే లోపు మళ్ళీ అడిగే ఆంకీ. తెలుగు వికీపీడియా మొత్తాన్ని ఒక ఫైలుగా దింపుకుని చదువుకోనిచ్చే కివిక్స్. ఇక నాలుగోది ఫెట్. 2001లో ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్, ఆ మరుసటి ఏడాది కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టించాడు. ఇందులో ఒక్కో ప్రయోగం ఒక్కో ఫైలు. దింపుకుని బ్రౌజర్లో తెరిస్తే చాలు, ఖాతాలూ పాస్‌వర్డులూ ఏమీ అక్కర్లేదు. అన్నీ పెన్‌డ్రైవులో వేసిచ్చా.

వారం తర్వాత అక్క ఫోను. వాళ్ళ ల్యాబులో ఉన్నది ఒకే ఒక్క అమ్మీటరు. పాడైతే మళ్ళీ వస్తుందో రాదో అని పిల్లల్ని ముట్టుకోనివ్వరు. కంప్యూటర్ మీద ఆ భయం లేదు కదా, ఎప్పుడూ నోరు విప్పని ఓ అమ్మాయిని పిలిచిందట. ఆ పిల్ల బల్బు సంగతి వదిలేసి, బ్యాటరీ రెండు కొసలకీ తిన్నగా వైరు కలిపేసింది. తెర మీద బ్యాటరీకి మంటలు! క్లాసంతా ఒకటే నవ్వు. ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

"చెరిపేయబోయి ఆగానురా. ఎందుకు మండిందో చెప్పండి అన్నాను. ఎవరూ చెప్పలేదు. అడ్డుగా ఏమీ లేదు కదండీ, కరెంటంతా ఒకేసారి పోయింది అని ఆ పిల్లే చెప్పింది" అంది అక్క. నిరోధం అన్న మాట వాడకుండానే నిరోధం చెప్పేసింది!

నేను పొంగిపోయి, "చూశావా, ఇక ల్యాబుతో పనేముంది?" అన్నా.

"తెర మీద వైరు ఎప్పుడూ వదులవ్వదురా" అంది తాపీగా. మర్నాడు అసలు బల్బులూ, టార్చి సెల్సూ ఇచ్చి చేయిస్తే మూడు గుంపులకి వెలగలేదట. ఒకచోట వైరు వదులు, ఒకచోట సెల్ అయిపోయింది, మూడోచోట వైరు మీద తొడుగు సరిగ్గా ఒలవలేదు. అవి పట్టుకోడానికి పిల్లలకి పీరియడంతా పట్టింది.

అప్పుడు తెలిసింది నాకు. తప్పు చేస్తే తిట్లూ నష్టమూ లేని చోటు ఇవ్వడం వరకే ఆ ఫైలు పని. మండినప్పుడు చెరిపేయకుండా "ఎందుకు?" అని అడగడం మా అక్క పని. దానికి లింకు లేదు.

మీ ఇంట్లోనూ ఓ టీచరుంటే, జాబితా పంపేముందు ఒక్కసారి వాళ్ళ బడికెళ్ళి చూసి రండి.

కొసమెరుపు: మిగతా 28 లింకులూ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. అక్క ఇంతవరకూ అడగలేదు!